దేశము మాఱిన యిల్లాలి నివాసపత్రము

భర్తకు మ్యూనిక్కు నగరమున ఉద్యోగము. మూడేండ్లు గడచిన పిమ్మట నెదర్లాండ్సు దేశమునుండి మఱియొక కంపెనీవారు పిలిచిరి. జీతము హెచ్చు. వంటపాత్రలు, పరుపులు, పిల్లల పుస్తకములు, పచ్చడి జాడీలు ఒక బండి కెక్కించి ఉదయమున బయలుదేరినచో సాయంకాలమునకు క్రొత్త యిల్లు చేరవచ్చును. ఒక దేశము ముగిసి వేఱొక దేశము మొదలైనదని రహదారి ప్రక్కనున్న పలకను చూచి తెలిసికొనవలసినదే. (ఈ నడుమ కొన్ని సరిహద్దులయందు పోలీసువారు తాత్కాలికముగా తనిఖీలు జరుపుచున్న మాట నిజము.) ఐరోపాయందు కాపురము చేయుచున్న మన సోదరీమణులు పలువురు ఇట్టి ప్రయాణమే చేయుచున్నారు. వారియొద్దనుండి వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న మాటిమాటికి కనబడుచున్నది: "జర్మనీవారు నాకిచ్చిన కార్డునకు ఇంకను రెండేండ్ల గడువున్నది. అట్టియెడ ఇచ్చట మఱల దరఖాస్తు పెట్టుకొనుట యెందులకు?"

ఆ కార్డు నిచ్చినది జర్మనీ. అది జర్మనీలో కాపురమునకే చెల్లును. షెంగెను ఒడంబడికలో చేరిన ఇతర రాజ్యములకు ఆ కార్డును, పాస్‌పోర్టును చేతబట్టుకొని చుట్టపుచూపుగా పోవచ్చును. ఏ 180 దినములను లెక్కించి చూచినను అందులో 90 దినములకు మించి ఉండరాదు. చుట్టపుచూపునకు పోవుట వేఱు, పొయ్యి వెలిగించి కాపురము పెట్టుట వేఱు. త్రోవలో ఎవ్వరును ఆపలేదు గనుక అనుమతి యున్నదనుకొని, తొంబది దినములు దాటిన పిమ్మట బ్యాంకునందో పిల్లవాని బడియందో "మీ నివాసపత్ర మేది?" అని యడిగినప్పుడు ఉలికిపడుటకన్న, బండి యెక్కకముందే సంగతి తెలిసికొనుట మేలు.

భార్యకు గల నివాసపు హక్కు ఇట్టి కుటుంబములలో భర్త హక్కునుండి పుట్టినది. అతడు పనికి వచ్చినాడు, ఆమె అతని వెంట వచ్చినది. ప్రభుత్వముల దృష్టి యింతే. భార్యయే ఉద్యోగమునకు వచ్చి, భర్త ఆమె వెంట వచ్చిన యిండ్లును కలవు. అట్టివారు ఈ వ్యాసమున "భర్త" అన్నచోట "భార్య" అని చదువుకొనవచ్చును. శాసనమునకు ఆ భేదము లేదు. కావున క్రొత్త దేశమునకు భర్త ఏ హోదాతో పోవుచున్నాడో ఇల్లాలు ముందుగా అడిగి తెలిసికొనవలెను. అతడు ఐరోపా సమాఖ్యలోని ఏదో యొక రాజ్యమునకు పౌరుడై యుండవచ్చును. బ్లూ కార్డు కలవాడై యుండవచ్చును. ఒక్క దేశమునకే పరిమితమైన సామాన్యపు పని అనుమతి కలవాడై యుండవచ్చును. ఈ మూటికిని త్రోవలు వేఱు, గడువులు వేఱు. "అవన్నియు ఆయన చూచుకొందురు" అనుట మన యిండ్లలో వాడుక. ఈ ఒక్క విషయమున మాత్రము ఆ వాడుక మాకు నచ్చదు. ఎందుకు నచ్చదో ముందు ముందు చెప్పెదము.

మన కుటుంబములలో మొదటి తరగతి ఏర్పడు విధ మిది. భారతదేశ శాసనము రెండు పౌరసత్వములను ఒప్పుకొనదు. జర్మనీలో చాలకాలముండిన భర్త అచ్చటి పౌరసత్వము పుచ్చుకొని భారత పాస్‌పోర్టును అప్పగించును. ఊళ్లో పొలమున్నదనియో, తల్లిదండ్రులు పెద్దవారైరనియో, ఇంట ఒకరి కైనను మన పాస్‌పోర్టు ఉండవలెననియో భార్య భారతీయురాలుగనే నిలుచును. వీరు జర్మనీలో నున్నంతకాలము భార్య విషయమున సాధారణముగా జర్మనీవారి సొంత శాసనమే వర్తించును. వీరు నెదర్లాండ్సునకో స్పెయినునకో మాఱిరా, మఱియొక శాసనము ఆమెకు అండగా వచ్చును. అది 2004వ సంవత్సరమున ఐరోపా సమాఖ్య చేసిన 2004/38 అను అంకెగల నిర్దేశము. భర్త తన దేశమునందే యున్నప్పుడు ఈ నిర్దేశము పట్టదు. పరదేశమున అడుగిడినప్పుడే పట్టును. సొంతయింటికన్న పొరుగింట మర్యాద హెచ్చుగా జరుగుట వింతయే గాని, శాసనము అట్లే యున్నది.

దాని ప్రకారము మొదటి మూడు నెలలు, భర్తతో కూడి వచ్చిన భార్యకు చెల్లుబడిలోనున్న పాస్‌పోర్టు చాలును. ఆపైన ఉండదలచినచో నివాసకార్డునకు దరఖాస్తు పెట్టవలెను. దరఖాస్తునకు ఏ రాజ్యము విధించు గడువైనను వచ్చిననాటినుండి మూడు నెలలకు తక్కువ కారాదు. దరఖాస్తు అందినట్లు సర్టిఫికెట్టు వెంటనే ఇయ్యవలెను. ఆఱు నెలలలోపల కార్డు ఇయ్యవలెను. ఆ కార్డు సాధారణముగా ఐదేండ్లు చెల్లును. రుసుము, ఆ దేశపు పౌరులు అట్టి పత్రములకు చెల్లించుదానికన్న హెచ్చుగా నుండరాదు. భార్య పాస్‌పోర్టు, వివాహమును రుజువుచేయు పత్రము, భర్త ఆ దేశమున నమోదైనట్లు పత్రము - ముఖ్యముగా అడుగదగినవి యివి. భర్త అచ్చట ఉద్యోగమో వ్యాపారమో చేయుచుండవలెను. లేదా కుటుంబము ప్రభుత్వమునకు భారము కాకుండునంత ధనమును, ఆరోగ్య ఇన్సూరెన్సును చూపవలెను. భార్యకు పనిచేయు హక్కు ఇందులోనే కలసియున్నది.

శాసనము ప్రకారము కార్డు హక్కును పుట్టించునది కాదు, ఉన్న హక్కును చూపునదియే. కాని కార్డు చూడనిదే ఏ కంపెనీవారు పనిలో చేర్చుకొందురు? కనుక దరఖాస్తు అందినట్లు ఇయ్యవలసిన సర్టిఫికెట్టును అడిగి పుచ్చుకొనవలెను. కిటికీ వెనుకనున్న గుమాస్తా "తరువాత టపాలో పంపెదము" అన్నను కదలక, వెంటనే ఇయ్యవలెనని నిర్దేశపు పదియవ అధికరణమున నున్నదని మర్యాదగా చెప్పవచ్చును. నాలుగు గంటలు వరుసలో నిలిచిన యిల్లాలికి ఆ మర్యాద తెచ్చుకొనుట కష్టమే! అధికారులు సమాఖ్య శాసనమును తప్పుగా నడపినచో, 2002 మొదలు సాల్విట్ అను పేర ప్రతి సభ్యరాజ్యమునందును ఒక సహాయకేంద్రము పనిచేయుచున్నది. దానికి ఫీజు లేదు. కోర్టునకు పోవుటకు ముందు దానికి వ్రాసి చూచుట మంచిది.

పరదేశమున కొంతకాలముండి భర్త తన పౌరసత్వమున్న దేశమునకే మరలివచ్చినచో భార్య గతి యేమి? ఈ చిక్కును విప్పినది ఒక భారతీయుని వ్యాజ్యము. సురిందర్ సింగు అను నాతడు 1982లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డున బ్రిటిషు పౌరురాలిని వివాహమాడెను. 1983 మొదలు 1985 వఱకు దంపతులిద్దఱును జర్మనీలో ఉద్యోగములు చేసిరి. 1985 తుదిని ఇంగ్లండునకు మరలివచ్చి వ్యాపారము పెట్టుకొనిరి. తరువాత కాపురము చెడినది. 1987లో అచ్చటి కోర్టు విడాకుల తొలి డిక్రీ నిచ్చెను. బ్రిటిషు ప్రభుత్వము అతనిని దేశమునుండి పంపివేయ నిశ్చయించెను. ఆ తగవు లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము వఱకు పోయినది. 1992 జూలై 7వ తేదీని న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి: వేఱొక సభ్యరాజ్యమున పనిచేసి స్వదేశమునకు మరలివచ్చు వ్యక్తి యొక్క భార్యకు గాని భర్తకు గాని, పరదేశమున వారికి గల హక్కులకు తక్కువకాని హక్కులు స్వదేశమునందును ఉండవలెను. మరలివచ్చునప్పుడు జీవితభాగస్వామిని వెంట తెచ్చుకొనుటకు వీలులేదన్నచో అసలు ఇల్లు విడిచి పోవుటకే ఎవరు సాహసింతురు అనునది వారి తర్కము. ఇల్లు నడుపువారికి ఈ తర్కము చప్పున తెలియును.

ఈ త్రోవను వాడుకొనదలచి, రెండు వారాంతములు పొరుగుదేశమున గడపివచ్చిన చాలుననుకొనువారు కలరు. చాలదు. 2014 మార్చి 12వ తేదీని అదే న్యాయస్థానము, పరదేశ నివాసము మూడు నెలలకు మించినదై, కుటుంబజీవనము అచ్చట నిజముగా సాగినదై యుండవలెనని తేల్చినది. ఇంకొక మాట: బ్రిటను 2020 జనవరి 31న సమాఖ్యను విడిచినది, ఆ యేటి డిసెంబరు 31తో మార్పునకై యిచ్చిన గడువును ముగిసినది. కావున క్రొత్తగా పోవువారికి అచ్చట ఈ త్రోవ మూసికొన్నది. ఐస్‌లండు, నార్వే, లీక్టెన్‌స్టయిను సమాఖ్యలో లేకున్నను ఈ నిర్దేశమును అమలు జరుపుచున్నవి.

ఐర్లండువారు కొంతకాలము మఱియొక షరతు పెట్టిరి: పరదేశీయులగు భార్యాభర్తలు ముందు వేఱొక సభ్యరాజ్యమున శాసనసమ్మతముగా నివసించి యుండవలెనని. 2008 జూలై 25న మెటొక్ అను వ్యాజ్యమున న్యాయస్థానము ఆ షరతును కొట్టివేసినది. వివాహము ఎప్పుడు, ఎచ్చట జరిగినదను దానితోను నిమిత్తము లేదనెను. హైదరాబాదున క్రిందటి మాసమున పెండ్లియైన వధువునకును ఈ తీర్పు ఉపయోగించును.

ఇక బ్లూ కార్డు. చదువును, జీతమును చూచి ఐరోపా సమాఖ్య రాజ్యములు పరదేశపు నిపుణులకు ఇచ్చు పత్రమిది. దీనిని పుచ్చుకొనువారిలో భారతీయుల సంఖ్య అన్నిటికన్న పెద్దది. ఐర్లండును డెన్మార్కును ఇందులో చేరలేదు. పాత నిర్దేశము 2009 నాటిది. దాని ప్రకారము వేఱొక రాజ్యమునకు మాఱుటకు 18 నెలలు వేచియుండవలసి యుండెను. 2021లో చేసిన 2021/1883 నిర్దేశము దానిని 12 నెలలకు తగ్గించినది. భార్య విషయమున ఇది చేసిన మేలు చాల ఉన్నది. మొదటి రాజ్యమున భర్తతో కాపురమున్న భార్య, ఆ రాజ్యమువారిచ్చిన కుటుంబ నివాసపత్రముతోనే రెండవ రాజ్యమున ప్రవేశింపవచ్చును. కాని ప్రవేశించిన ఒక నెలలోపల క్రొత్త పత్రమునకు దరఖాస్తు పెట్టవలెను. ఇంతకు ముందు చెప్పిన మూడు నెలలు ఇచ్చట లేవు సుమా. పాత నివాసపత్రము, పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు చేతనుండవలెను. భర్త దరఖాస్తుతోపాటు భార్య దరఖాస్తును సమగ్రముగా ఇచ్చినచో ఇద్దఱి పత్రములను ఒక్కసారే ఇయ్యవలెనని నిర్దేశము చెప్పుచున్నది. "ముందు ఆయనది రానిండు, పిమ్మట నాది చూతము" అనుకొనుట అందువలననే నష్టము. పత్రము వచ్చిన భార్య ఏ ఉద్యోగమైనను, సొంత వ్యాపారమైనను చేసికొనవచ్చును.

పెద్ద నగరములలో ఈ ఒక నెలలోపల కార్యాలయమున సమయము దొరకుటయే దుర్లభము. అట్టియెడ సమయమునకై కోరిన ఈమెయిలును, వచ్చిన జవాబును దాచుకొనవలెను. గడువులోపల మనము కదలితిమనుటకు అవియే సాక్ష్యము. ఊరి కార్యాలయమున చిరునామా నమోదు వేఱొక పని. జర్మనీలో ఇంట దిగిన రెండు వారములలో, నెదర్లాండ్సులో నాలుగు నెలలకు మించి ఉండదలచినవారు వచ్చిన ఐదు దినములలో దానిని జరుపుకొనవలెను. రెండవ రాజ్యమువారు దరఖాస్తును త్రోసిపుచ్చినచో, మొదటి రాజ్యము భర్తను కుటుంబమును వేఱు తంతు లేకుండ మరల రానియ్యవలెను. కావున పాతకార్డు పనికిరానిదని పాఱవేయరాదు.

మూడవ తరగతివారిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. భర్తకు ఒక్క దేశపు అనుమతి మాత్రమే యున్నచో ఆ దేశమున గడపిన కాలము సాధారణముగా క్రొత్త దేశపు వీసాకు ఉపయోగపడదు. హైదరాబాదునుండియో విశాఖపట్టణమునుండియో నేరుగా పోవువారివలెనే మొదటినుండి ఆరంభింపవలెను. క్రొత్త దేశమున ఏ పద్ధతి యున్నదో ఆ దేశపు కార్యాలయమువారి ప్రకటన చదివియే ఇల్లు ఖాళీచేయవలెను.

ఏ త్రోవను పోయినను గుమ్మము దగ్గఱ అడుగునది వివాహపు సర్టిఫికెట్టు. శుభలేఖ, ఫోటోల ఆల్బము, దేవస్థానమువారి రసీదు ఇంటివారికి ముద్దే గాని కార్యాలయములకు పనికిరావు. హిందూ వివాహశాసనము 1955 నాటిదే రిజిస్ట్రేషనునకు ఏర్పాటుచేసినది. ఆంధ్రప్రదేశమున 2002లో వివాహముల నిర్బంధ రిజిస్ట్రేషను శాసనము వచ్చినది. 2006లో సుప్రీముకోర్టు అన్ని రాష్ట్రములవారికి అట్టి ఏర్పాటు చేయుమని చెప్పినది. అయినను పెండ్లియై పదియేండ్లు గడచినను రిజిస్ట్రారు ముఖము చూడని దంపతులు మనలో నెందఱో! విదేశమున కూర్చుండి ఆ పని చేయించుట ఎంత ప్రయాసయో అనుభవించినవారికే తెలియును. సెలవులకు వచ్చినప్పుడు చుట్టముల యిండ్లకు పోవుటకు ముందు ఒక దినమును రిజిస్ట్రారునకు కేటాయించుట మంచిది. ఆ పిమ్మట సర్టిఫికెట్టును రాష్ట్రప్రభుత్వముచే ధ్రువపఱపించి, విదేశ వ్యవహారముల మంత్రిత్వశాఖవారిచే అపోస్టిల్ అను ముద్ర వేయించవలెను. ఈ ఒడంబడిక భారతదేశమునకు 2005 జూలై 14 నుండి అమలులోనున్నది. ఆ ముద్రను ఏ దేశము స్వీకరించునో, ఏ దేశము ప్రత్యేకముగా విచారణ కోరునో ఆ దేశపు రాయబార కార్యాలయమువారు తెలుపుదురు. ఊహించి ఖర్చు పెట్టవలదు. తర్జుమా ఆయా దేశమువారు ఒప్పుకొన్న అనువాదకునిచేతనే చేయించవలెను.

పేరు సంగతి తెలుగువారి ప్రత్యేకమైన చిక్కు. మన ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. పాస్‌పోర్టులో ఈ రెంటికిని వేర్వేఱు గడులు. పెండ్లి సర్టిఫికెట్టున పుట్టినింటి యింటిపేరు, పాస్‌పోర్టున అత్తవారి యింటిపేరు, పట్టాయందు ఒక్క పొడియక్షరము. ముగ్గురు స్త్రీలున్నట్లు పరదేశపు గుమాస్తాకు తోచుటలో అతని తప్పేమున్నది? పెండ్లియైనంతమాత్రమున పేరు మార్చుకొనవలెనని ఏ నిర్బంధమును లేదు. పుట్టినింటి పేరుతోనే యుండుట పత్రముల విషయమున సుఖమని మా అభిప్రాయము. అత్తగారు ఏమందురో అది వేఱు సంగతి. మార్చుకొన్నవారు పాస్‌పోర్టున, పెండ్లి సర్టిఫికెట్టున, పిల్లల జనన సర్టిఫికెట్లలో ఒక్కటే పేరు వచ్చునట్లు ప్రయాణమునకు ముందే సరిచేయించుకొనవలెను.

ఇంతవఱకు చెప్పినది కాపురము చక్కగా సాగునప్పటి మాట. అట్లు సాగని దినమున ఏమగును? పైన చెప్పిన వాడుక మాకు నచ్చకపోవుటకు కారణ మిచ్చటనే యున్నది.

భర్త సమాఖ్య పౌరుడైనప్పుడు, విడాకులైన పిమ్మటను భార్య ఆ దేశమున నిలుచుటకు 2004/38 నిర్దేశము వీలు కల్పించినది. విడాకుల దావా వేయునాటికి వివాహమై మూడేండ్లు గడచి, అందులో ఒక యేడాదియైనను ఆ దేశమున గడపి యుండవలెను. బిడ్డలు ఆమె సంరక్షణమున నున్నచో, లేక ఆమె ఇంట హింసకు గురియైయున్నచో ఈ లెక్కలతో పనిలేదు. భర్త మరణించినచో, అంతకు ముందు ఒక యేడాది ఆ దేశమున అతని కుటుంబముగా నివసించిన భార్యకు హక్కు నిలుచును. ఈ సందర్భములలో ఆమె పనిచేయుచున్నట్లో, తన పోషణకు తగిన వనరులున్నట్లో చూపవలసి యుండును. వినుటకు బాగుగనే యున్నది. కాని ఇందులో ఒక మెలిక కలదు.

కుల్‌దీప్ సింగు అను భారతీయుడు ఐర్లండునకు విద్యార్థిగా పోయి 2005లో లాట్వియా దేశస్థురాలిని వివాహమాడెను. వారికి ఒక బిడ్డ కలిగినది. 2010లో భార్య ఐర్లండును విడిచిపోయెను. ఆ తరువాత విడాకుల దావా వచ్చినది. వివాహమై మూడేండ్లు ఎప్పుడో దాటినవి. అయినను 2015 జూలై 16న ఐరోపా న్యాయస్థానము అతనికి ఈ నిబంధన పట్టదనెను. ఏలయన, పౌరురాలగు భార్య దేశము విడిచిన క్షణముననే అతని హక్కు పోయినది. పోయిన హక్కును విడాకులు నిలుపజాలవు. దావా ముందు పడి, ఆమె ప్రయాణము తరువాత జరిగియున్నచో సంగతి వేఱుగా నుండెడిది.

ఈ తీర్పును తలక్రిందులు చేసి మన యిండ్లలో పెట్టి చూడుడు. "నేను ముందు పోయి ఉద్యోగమున చేరి, ఇల్లు కుదిర్చి నిన్ను పిలుచుకొందును" అని భర్త వేఱొక దేశమునకు పోవును. అందఱు భర్తలును చెప్పు మాటయే, తొంబదితొమ్మండుగురు పిలుచుకొందురు. నూఱవవాడు పిలువడు. పాత దేశమున భార్య కార్డు బీరువాలో అట్లే యుండును, దానిపై గడువు తేదీ అట్లే యుండును, కాని దానికి ఆధారమైన భర్త నివాసము అచ్చట లేదు. బిడ్డ ఆ దేశపు బడిలో చదువుచున్నచో మాత్రము, పౌరుడగు తండ్రి దేశము విడిచినను, చదువు ముగియువఱకు బిడ్డకును బిడ్డను పెంచు తల్లికిని నివాసము పోదని నిర్దేశపు పండ్రెండవ అధికరణము చెప్పుచున్నది. ఎందఱు తల్లులకు ఈ సంగతి తెలియును? బిడ్డ బడిలో చేరిన పత్రమును జాగ్రత్తపెట్టుకొన్నవారెందఱు?

ఇంట హింసను గూర్చి 2021 సెప్టెంబరు 2వ తేదీని న్యాయస్థానము కొంత కరుణ చూపినది. హింసించిన పౌరుడు దేశము విడిచిన తరువాత దావా వేసినను, సహేతుకమైన కాలములోపల వేసినచో హక్కు నిలుచుననెను. ఆ వ్యాజ్యమున దావా దాదాపు మూడేండ్లు ఆలస్యమైనందున అది సహేతుకము కాదని వారికి తోచినది. కావున భర్త దేశమున నున్నప్పుడే, పోవుదునని మాట యెత్తినప్పుడే, అచ్చటి న్యాయవాదిని చూడవలెను. వైద్యుని చీటి, పోలీసువారికిచ్చిన ఫిర్యాదు నకలు ఇంట దాచక, నమ్మదగిన స్నేహితురాలి యొద్ద నుంచవలెను.

బ్లూ కార్డు కుటుంబములకు ఈ నిబంధనలు పట్టవు. వారికి 2003/86 అను కుటుంబ పునస్సమాగమపు నిర్దేశము ఆధారము. ఐదేండ్లు మించకుండ భార్య తన సొంత పేర, భర్తతో నిమిత్తములేని నివాసపత్రమును కోరవచ్చును. బ్లూ కార్డువారి భార్యలకు వేర్వేఱు రాజ్యములలో గడపిన యేండ్లు కలిపి లెక్కింతురు. చివరి రెండేండ్లు మాత్రము ఆ దేశముననే యుండవలెనని రాజ్యములు కోరవచ్చును. జర్మనీలో మూడేండ్లు భర్తతో కాపురము చేసిన భార్యకు, తరువాత వారు విడిపోయినను సొంత హక్కు కలుగును. కష్టసందర్భములలో అంతకు ముందును ఇత్తురు. రెండున్నర యేండ్లకు జర్మనీని విడిచిన యిల్లాలు ఆ మూడేండ్ల రక్షణను చేజార్చుకొన్నట్లే. ఉద్యోగము మార్చుకొనుటకు జీతము, ఇల్లు, బడి చూచునట్లే ఇదియును లెక్కలో చేర్చుకొని, ఆఱు నెలలు ఆగుదమా యని భర్తతో మాటలాడుటలో తప్పు లేదు. వాడు మంచివాడైనచో ఆలోచించును.

పాస్‌పోర్టు, కార్డు, పెండ్లి సర్టిఫికెట్టు, అద్దెయిల్లు ఒప్పందము, చిరునామా నమోదు, ఇన్సూరెన్సు, పిల్లల పత్రములు - వీని నకళ్లు ఒక సంచిలో భార్య పేర వేఱుగా నుండవలెను. అద్దె ఒప్పందమున తన పేరుకూడ వ్రాయించుకొనవలెను. ఆ దేశమున ఎప్పటినుండి నివసించుచున్నదో చూపుటకు అంతకన్న సులువైన పత్రము లేదు.

పురిటికి పుట్టినింటికి వచ్చు ఆచారమును గూర్చి అడిగినవారికి: సమాఖ్య పౌరుని భార్యగా పొందిన కార్డు, యేడాదికి ఆఱు నెలలు మించని గైరుహాజరువలన చెడదు. గర్భము, ప్రసవము, తీవ్రమైన జబ్బు వంటి ముఖ్యకారణముచేత ఒక్కసారి మాత్రము వరుసగా పండ్రెండు నెలల వఱకు దూరముగా నుండవచ్చును. నిర్దేశపు పదునొకండవ అధికరణమున ప్రసవమును పేరుపెట్టి చెప్పినారు. ఏడవ నెలలో సీమంతమునకు వచ్చి, బిడ్డకు ఆఱవ నెల నిండి అన్నప్రాశనమైన పిమ్మట మరలిపోవు తల్లి ఈ గడువులోపలనే యుండును. ప్రయాణమునకు ముందు అచ్చటి వైద్యుని చీటియు, ఇచ్చట ఆసుపత్రివారి కాగితమును దగ్గఱ నుంచుకొనవలెను. బిడ్డకు క్రొత్త పాస్‌పోర్టు, అనుమతి కావలసియుండును. ఆ పని పురిటి మంచముమీద నుండగనే ఇంటిలోని మగవారిచే మొదలుపెట్టింపవలెను. బ్లూ కార్డు కుటుంబమువారికి ఈ పండ్రెండు నెలల సౌకర్యము ఇదే రూపమున లేదు. వారు విమానపు టిక్కెట్టు కొనకముందే, ఎన్ని నెలలు దూరముగా నుండవచ్చునో ఆ దేశపు విదేశీయుల కార్యాలయమువారిని అడిగి, వ్రాతమూలకముగా జవాబు పుచ్చుకొనవలెను.